ఆముదం పూసిన చేయి

ఆదోనికి కరెంటు సరిగ్గా రాకముందే ఆ ఊళ్ళో నన్ను 'కరెంటాయన' అని పిలిచేవాళ్ళు. ఆసుపత్రిలో పడిపోయిన చేతులకూ కాళ్ళకూ కరెంటు పెట్టి, లోపల నరం బతికుందో లేదో చూడటం నా ఉద్యోగం. మా వీధిలో పిల్లలు అన్నం తినకపోతే "కరెంటాయన్ని పిల్చేదా?" అని తల్లులు బెదిరించేవాళ్ళట. ఈ సంగతి పెళ్ళయ్యాక నా భార్య చెప్పింది. ఆమెదీ ఆ వీధే. చిన్నప్పుడు ఆమె కూడా నా పేరు చెబితే రెండు ముద్దలు ఎక్కువ తిన్నదేనట.

ఈ మధ్య మోకాలి నొప్పికని ఒక పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు, పక్క గదిలో ఈ పని నేర్చుకుంటున్న మీలాంటి పిల్లలు ఎవరికో నరాల పరీక్ష చేస్తుంటే చూశాను. మీట నొక్కితే తెర మీద గీత వస్తోంది. నేను చూసింది గీతను కాదు. పరీక్షకు ముందు ఒక అమ్మాయి రోగి చేతిని స్పిరిట్ దూదితో మోచేతి నుంచి వేళ్ళదాకా శుభ్రంగా తుడిచింది. "ఎందుకు తుడుస్తున్నావమ్మా?" అని అడిగాను. "అలాగే చెయ్యాలి తాతగారూ, మాకు అలాగే నేర్పించారు" అంది. తప్పేమీ లేదు. కానీ నాకు తెలిసిన ఒక మనిషికి ఆ తుడుపు ఒక్క రోజు అందలేదు. ఆ మనిషి కథ మీకు చెప్పాలనిపించింది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. ఇంటర్ తప్పి, ఆదోని బజారులో ఒక రేడియో అంగట్లో రిపేర్లు చేసేవాణ్ణి. దూది వ్యాపారులు చందాలు వేసుకుని నడిపే చిన్న ధర్మాసుపత్రి ఒకటి ఉండేది. దాని డాక్టరుగారు ఒకరోజు తన రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చి, నేను పాడైన కండెన్సరు తీసి కొత్తది వెయ్యడం నిలబడి చూశారు. "చిన్నవీ పెద్దవీ అన్ని సైజుల కండెన్సర్లూ దొరుకుతాయా నీ దగ్గర?" అని అడిగారు. దొరుకుతాయన్నాను. మర్నాడు కబురు పంపి ఉద్యోగం ఇచ్చారు. మా అంగడి యజమాని మాత్రం, డాక్టరుగారు ఇవ్వడం మరచిపోయిన ఆ రేడియో రిపేరు కూలిని చాలాకాలం గుర్తుపెట్టుకున్నాడు.

డాక్టరుగారు యుద్ధకాలంలో సైనికుల ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన మనిషి. గుండు దెబ్బలకు నరాలు తెగినవాళ్ళను వందల మందిని చూశారు. అక్కడ చూసిన పరీక్షనే ఇక్కడ పెట్టాలని ఆయన కోరిక. టేకు చెక్కతో ఒక పెట్టె చేయించాం. అందులో అతి చిన్న కండెన్సరు మొదలుకొని పెద్దదాకా వరుసగా బిగించాను. కరెంటు లేని ఇళ్ళలో రేడియోకి వాడే తొంభై వోల్టుల బ్యాటరీ దానికి తగిలించాను. మీట నొక్కితే కండెన్సరు నిండుతుంది, వదిలితే ఆ నిండింది ఉప్పునీళ్ళలో తడిపిన మెత్తటి పట్టీ గుండా రోగి చేతిలోకి పోతుంది. కండ ఎగిరిందా లేదా, ఏ సైజు కండెన్సరుకు ఎగిరింది, అదే పరీక్ష.

చేసేది ఏమిటో తెలియకుండా చెయ్యకూడదని డాక్టరుగారు ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"కండెన్సరులో ఏముంటుంది?"

"రెండు రేకులు సార్. మధ్యన మైనం పట్టించిన కాగితం."

"రేకులకు బదులు ఉప్పునీళ్ళు అనుకో. లోపల ఉప్పునీళ్ళు, బయట ఉప్పునీళ్ళు. మధ్యన కాగితానికి బదులు కంటికి కనపడనంత సన్నటి నూనె పొర. అదే మన కణం. ఆ పొరకు లోపలివైపు రుణం, బయటివైపు ధనం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ పొరకు అతుక్కుని ఉంటాయి, దాటలేవు. రేకులు దగ్గరయ్యేకొద్దీ కండెన్సరు ఎక్కువ పట్టుకుంటుందని నీకు తెలుసు గదా. ఆ పొర ఎంత పల్చన అంటే, వేలిగోరంత ముక్క చాలు, ఒక మైక్రోఫారడ్."

నాకు నమ్మకం కుదరలేదు. ఒక మైక్రోఫారడ్ రేడియో కండెన్సరును విప్పితే లోపలి రేకు చిన్న తువ్వాలంత పరుచుకుంటుంది. అంతా చుట్టి చుట్టి డబ్బాలో కుక్కితే గానీ రాని పని వేలిగోరంత పొర చేస్తుందా అని, ఆ సాయంత్రం ఇంటికి పోయేదాకా నా బొటనవేలి గోరునే చూసుకుంటూ నడిచాను.

మిగతాది తేలిక. పొర మీది వోల్టేజి కొంత దిగితే కణం మేలుకుంటుంది. దించడానికి దాని చార్జీని తోడాలి, తోడటానికి సమయం కావాలి. నరం పొర చురుకైనది. చిన్న కండెన్సరు రెప్పపాటులో ఖాళీ అయిపోతుంది, అయినా ఆ కొంచెం కుదుపుకే నరం పలికి కండను ఎగిరిస్తుంది. నరం చచ్చిపోయి కండ ఒంటరిగా మిగిలితే, కండ పొర మొద్దుది, దానికి ఆ కుదుపు చాలదు. పెద్ద కండెన్సరు పెట్టి నింపాదిగా తోస్తే అప్పుడు వానపాము కదిలినట్టు కదులుతుంది. నరం తిరిగి మొలుస్తుంటే నెలనెలకూ చిన్న కండెన్సర్లకు దిగుతూ వస్తుంది. చేయి కంటికి లేవకముందే పెట్టెకు తెలిసిపోతుంది.

ఇంత శాస్త్రం చెప్పిన డాక్టరుగారికి తెలియని పని ఒకటి నేను రోజూ చేసేవాణ్ణి. మన వైపు చేయి పడిపోయిందంటే ఏదో ఒకటి పూయని ఇల్లు ఉండదు. ఆముదం, ఆకు పసరు, పసుపు, విభూతి. వాటి మీద ఎంత తడి పట్టీ పెట్టినా కరెంటు లోపలికి దిగదు. అందుకని డాక్టరుగారు వార్డులు చూసి వచ్చేలోపల నేను రోగిని వెనక పంపు దగ్గరికి తీసుకుపోయి, వేడినీళ్ళూ చాకలి సోడాతో చేతిని బాగా రుద్ది కడిగి, ఆరబెట్టి, బల్ల ముందు కూర్చోబెట్టేవాణ్ణి. ఆయనకు కనబడేది కడిగిన చేయే. "ఈ సీమ జనం ఎంత శుభ్రంగా వస్తారయ్యా ఆసుపత్రికి" అని మెచ్చుకునేవారు. నేనూ మా నర్సమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయన మెప్పు చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాం. అంతకు మించి ఏ ఉద్దేశమూ లేదు.

ఇక ఆ మనిషి సంగతి.

యెమ్మిగనూరు నేతగాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మాధవరం దగ్గర వాగు దాటుతుంటే ఎద్దులబండి తిరగబడి కుడి జబ్బ ఎముక విరిగింది. వెదురు బద్దలు కట్టారు, ఎముక అతుక్కుంది. చేయి మాత్రం మణికట్టు దగ్గర నుంచి వాడిన ఆకులా వేలాడింది. పిడికిలి అరకొరగా బిగించగలడు, మణికట్టు ఎత్తలేడు, వేళ్ళు చాపలేడు. జబ్బలో ఎముకను చుట్టుకుని పోయే నరం నలిగిందన్నమాట.

నేతగాడికి కుడి మణికట్టు అంటే ఏమిటో గుంటమగ్గం చూసినవాళ్ళకు తెలుస్తుంది. మనిషి గుంటలో కాళ్ళు వేసి కూర్చుంటాడు. ఎడమ చేత్తో నేసిన పోగును బిగించే పలక కొడతాడు, కుడి చేత్తో తాడు లాగుతాడు, నూలు కండె ఉన్న నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతుంది. ఆ లాగడం జబ్బతో కాదు, మణికట్టుతో. ఒక విసురు. ఆ విసురు రోజుకు కొన్ని వేలసార్లు.

అతని వెంట అతని భార్య వచ్చేది. మాటకారి. అతను పది అడుగులు వెనక నడిచే రకం. మొదటిసారి పెట్టె చూసి ఆమె అడిగింది: "ఈ పెట్టెతో బాగయితాదా అన్నా?"

"బాగు చెయ్యదమ్మా. బాగవుతోందో లేదో చెబుతుంది."

"అయితే సెప్పేదానికి ఇంత దూరమా? మా పక్కింటి అవ్వ ఊరికే సెప్తాది." మా నర్సమ్మ పక్కకు తిరిగి నవ్వింది.

మొదటిసారి అన్నిటికన్నా పెద్ద కండెన్సరుకు గానీ అతని కండ కదల్లేదు. అదీ వానపాము కదలికే. డాక్టరుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, "నరం నలిగితే మళ్ళీ మొలుస్తుంది. మెల్లగా, గోరు పెరిగినంత మెల్లగా. ఓపిక పట్టు. కండ ఎండిపోకుండా రోజూ రుద్దించుకో" అన్నారు. ఆ మాటను ఆమె గట్టిగా పట్టుకుంది. రోజూ పొద్దునా సాయంత్రం ఆముదం పెట్టి రుద్దేది. నెలకోసారి పంపు దగ్గర ఆ ఆముదమంతా కడగడం నా వంతు. ఆమె ముందు వరండాలో ఆడవాళ్ళ బల్ల మీద కూర్చునేది, పంపు వెనకవైపు. నేను కడిగేది ఆమె ఎన్నడూ చూడలేదు. అతను చూసేవాడు గానీ, ఆసుపత్రికి వస్తే చేతులు కడుగుతారు గామోసు అనుకునేవాడు.

చలికాలం వచ్చేసరికి పెట్టె మంచిమాట చెప్పడం మొదలుపెట్టింది. నడిమి కండెన్సరుకు కండ ఎగిరింది. మరుసటి నెల దానికంటే చిన్నదానికి ఎగిరింది. డాక్టరుగారు ఆ రోజు నాకు తన డబ్బులతో మైసూరుపాకు తెప్పించారు. నేతగాడికి మాత్రం సంతోషం లేదు. వేలాడుతున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని అన్నాడు:

"మీ పెట్టెకు కనపడేది నాకు కనపడడంలే సార్. నేను సూస్తాండేది వట్టి సేయి."

"నాలుగు నెలలు ఆగు. నీకూ కనపడుతుంది."

"ఆగుతా సార్. మగ్గం గూడ ఆగల్ల గదా."

అంతవరకూ అతని అన్నదమ్ములు మగ్గాన్ని నడిపిస్తున్నారు. ఎన్నాళ్ళు నడిపిస్తారు?

ప్రతి చలికాలం మద్రాసు నుంచి ఒక పెద్ద సర్జన్ మా ఆసుపత్రికి వచ్చి కష్టమైన కేసులు చూసి, పైసా తీసుకోకుండా ఆపరేషన్లు చేసేవాడు. మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాణ్ణి వెదకాలని నేనూ చాలా ఏళ్ళు ప్రయత్నించాను, ఎవరూ దొరకలేదు. నేతగాడిని ఆయనకు చూపిద్దాం, నరం వస్తోందని ఆయన కూడా అంటే కుర్రవాడికి ధైర్యం వస్తుంది అన్నారు డాక్టరుగారు. కబురు పంపాం. భార్యాభర్తలు రెండు రోజుల ముందే వచ్చి సత్రంలో దిగారు.

నా బ్యాటరీ పాతబడింది. పెద్దాయన ముందు పెట్టె నీరసంగా పనిచేస్తే పరువు పోతుందని, కొత్తది తేవడానికి గుంతకల్లు పోతానన్నాను. "ఎల్లుండి గదా ఆయన వచ్చేది, రేపు పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయ్" అన్నారు డాక్టరుగారు. పొద్దున బండెక్కాను. ఆస్పరిలో ఎదురుబండి కోసం మాది ఆగింది. దిగి టీ తాగుతుంటే ఆ బండి మా పక్క నుంచి ఆదోని వైపు పోయింది. అందులోనే సర్జన్ ఉన్నాడని తర్వాత తెలిసింది. బళ్ళారిలో పని రద్దయి ఒక రోజు ముందే వస్తున్నాడు. నేను టీ గ్లాసు పట్టుకుని ఆ బండిని చూస్తూ నిలబడ్డాను. ఆ టీ బాగుంది కూడా.

గుంతకల్లులో బ్యాటరీ కొని, ఎండ తగలకుండా తువ్వాలు చుట్టి, సాయంత్రం బండికి ఆదోనిలో దిగాను. ప్లాట్‌ఫాం మీద నేతగాడి భార్య ఒక్కతే నిలబడి ఉంది. అప్పుడే మద్రాసు వైపు బండి పోయినట్టుంది, జనం చెదురుతున్నారు. నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"నువ్వు యాడికి పోయింటివి అన్నా? పెద్దాయన వచ్చినాడు. సూసినాడు. మా ఇంటాయన్ని ఆయప్పే తీస్కపోయినాడు."

"యాడికి?"

"మద్రాసుకంట. ఆడ మంచం ఖాళీ ఉండాదంట. మణికట్టుకు ఆపరేషన్ సేస్తాడంట. మా మరిది తోడు పోయినాడు. ఒక్క పైసా గూడ వద్దన్నాడన్నా, దేవుడు."

ఆపరేషన్ ఎందుకో నాకు అర్థం కాలేదు. నరం వస్తోందిగదా. బ్యాటరీని చంకలో పెట్టుకుని ఆసుపత్రికి దాదాపు పరుగెత్తాను.

డాక్టరుగారు నీరసంగా కూర్చుని ఉన్నారు. "వెనక్కి పోయిందయ్యా" అన్నారు. "చిన్నవాటికి ఏమీ లేదు, నడిమివాటికి ఏమీ లేదు. చివరిదానికి మాత్రం కొంచెం పాకింది. మొదటిరోజు ఎట్లుండెనో అట్లే. బ్యాటరీ లోపమేమోనని ఎడమ చేతికి పెట్టి చూశాం. చిన్న కండెన్సరుకే టక్కున ఎగిరింది. పెట్టె బాగానే ఉంది. ఇన్ని నెలలైనా రాని నరం ఇక రాదు, మణికట్టు ఎముకలను అతికించేస్తే, ఇక వంగకపోయినా చేయి వేలాడకుండా నిలబడుతుంది, పట్టు వస్తుంది అన్నాడు ఆయన. నేను కాదనడానికి నా దగ్గర ఏముంది?"

నేను బల్ల దగ్గరికి పోయాను. పెట్టె సరిగ్గానే ఉంది. పట్టీ చేతిలోకి తీసుకున్నాను. జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకోనవసరం లేకపోయింది, ఆముదం వాసన గదంతా ఉంది.

నర్సమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "పట్టుకుంటే జారిపోతా ఉండె" అంది చిన్న గొంతుతో. "ఆయమ్మ శానా పూసింది ఈ పొద్దు. నేను అనుకున్నా, కడగల్లేమో అని. డాక్టరుగారే ఉండారు గదా, ఆ పెద్దాయన ఉండాడు గదా, నేను సెప్పేదేందని..."

"కడగడమేమిటి?" అన్నారు డాక్టరుగారు.

అప్పుడు చెప్పాను. పంపు, వేడినీళ్ళు, చాకలి సోడా, అన్నీ. ఎడమ చేతికి ఆమె నూనె పూయలేదు, బాగున్న చేతికి ఎవరు పూస్తారు? అందుకే అది ఎగిరింది. కుడి చేతి మీద వోల్టేజి అంతా ఆ జిడ్డు పొర దగ్గరే ఆగిపోయింది. లోపలున్న నరం దాకా ఏమీ పోలేదు. తలుపు తట్టకుండానే ఇంట్లో ఎవరూ లేరని తిరిగొచ్చారు.

డాక్టరుగారు నా చేతిలోంచి ఆ పట్టీ తీసుకున్నారు. తర్వాత, కోపం లేకుండానే అన్నారు: "ప్రాణమంతా ఒక నూనె పొర మీద నిలబడిందని నీకు నేను చెప్పాను. చర్మం మీది నూనె పొర సంగతి నువ్వు నాకు చెప్పలేదు."

ఆయన తిట్టి ఉంటే నేను ఈపాటికి మరచిపోయేవాణ్ణి.

మర్నాడు పోస్టాఫీసు తెరవగానే తంతి కొట్టాం: ఆపరేషన్ ఆపండి, చేయి కడిగి మళ్ళీ పరీక్ష చెయ్యండి అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, ఆకులైనా పట్టుకోవాలి గదా. సర్జన్ దాన్ని తీసిపారెయ్యలేదు. చేయి సబ్బుతో కడిగించి, తన దగ్గరున్న మిషనుతో స్వయంగా పరీక్షించాడు. అది కాయిల్ మిషను. దాని కుదుపులు మా అతి చిన్న కండెన్సరు కుదుపంత పొట్టివి. పూర్తిగా బాగున్న నరమే దానికి పలుకుతుంది, అప్పుడప్పుడే మొలుస్తున్న నరం పలకదు. దానికి మా నడిమి కండెన్సరే కావాలి. పలకలేదని మాకు రాశాడు. రేడియో సామాన్లతో చేసిన మా పెట్టె కంటే తన మిషనును నమ్మాడు. ఆయన స్థానంలో ఎవరైనా అంతే. డాక్టరుగారు పెట్టెను మద్రాసు తీసుకుపొమ్మని నన్ను సిద్ధం చేస్తుండగానే, ఆపరేషన్ బాగా జరిగిందని కార్డు వచ్చింది. నేను పెట్టెకు కట్టిన తాడు విప్పేశాను.

ఆ రోజు నుంచి డాక్టరుగారు ఒక పని పెట్టుకున్నారు. పరీక్షకు వచ్చిన ప్రతి మనిషి చేతినీ పంపు దగ్గర తానే కడిగేవారు. నేను కడుగుతానంటే వినేవారు కాదు. తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకుని, ముసలి రైతుల చేతులకు చాకలి సోడా రుద్దేవారు. సీమ జనం శుభ్రత గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఎండాకాలం దాటాక నేతగాడు వచ్చాడు. సిమెంటు కట్టు తీసేశారు. మణికట్టు తిన్నగా, కొయ్యలా నిలబడి ఉంది. అతని ముఖంలో అంతకుముందెన్నడూ చూడని నవ్వు.

"సూడండి సార్" అని చేయి బల్ల మీద పెట్టాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత వేళ్ళు, ఒకటి తర్వాత ఒకటి, వణుకుతూ పైకి లేచాయి. "లేస్తాండాయి. పోయిన నెల నుంచి."

నరం వచ్చేసింది. పెట్టె చెప్పినట్టే, ఇంచుమించు చెప్పిన వేళకే. మణికట్టు ఎత్తే కండలు కూడా కదులుతున్నాయి. మోచేతి కింద చర్మంలో అవి బిగుసుకోవడం నాకు కనబడుతోంది. లాగుతున్నాయి, లాగడానికి కీలు లేదు.

వరండాలో భార్య ఉంది. డాక్టరుగారు అతన్ని లోపలి గదికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, ఉన్నదంతా చెప్పారు. చెప్పొద్దని నేను సైగ చేశాను. ఆయన వినలేదు. నిజం తెలుసుకునే హక్కు ఆ చేతిదేనన్నారు తర్వాత నాతో.

నేతగాడు విన్నాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టును నిమురుతూ కూర్చున్నాడు.

"ఈయన వచ్చినప్పుడంతా కడుగుతాండె గదా" అని నన్ను చూపించాడు. "ఆ పొద్దు కడగలేదే అని నాకు నోటిదాకా వచ్చింది సార్. అంత పెద్దాయనకు తెలీకుండా ఉంటాదా అని మింగేసినా."

నర్సమ్మకు తెలుసు, నేతగాడికి తెలుసు, నాకు తెలుసు. తెలియనివాళ్ళిద్దరూ డాక్టర్లు. తెలిసినవాళ్ళలో ఇద్దరు ఆ గదిలో నోరు మూసుకున్నారు, మూడోవాణ్ణి నేను, ఆస్పరిలో టీ తాగి గుంతకల్లు పోయాను.

చివరికి అతనే అడిగాడు. "ఇది నా పెండ్లానికి తెలుసునా?"

"తెలియదు" అన్నారు డాక్టరుగారు.

"తెలియనీయొద్దు సార్. నూనె పూసిన సేతులు దానివి. బతికినన్నాళ్ళు అవే సేతులతో కూడు తినాల గదా అది."

తలుపు తీసుకుని బయటికి పోయి, ఆమె ముందు మళ్ళీ వేళ్ళు ఎత్తి చూపించాడు. ఆమె వరండాలో అందరినీ పిలిచి చూపించింది.

తర్వాత మూడు నాలుగేళ్ళకు, ఒక పెళ్ళికి దుప్పట్లు కొనాలని యెమ్మిగనూరు పోయాను. నేతగాళ్ళ వీధిలో కరెంటు స్తంభాలు పాతుతున్నారు. ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. పోకుండా ఉంటే బాగుండునని దారిలో రెండుసార్లు అనిపించింది.

మగ్గం ఆడుతోంది. గుంటలో కూర్చుని తాడు లాగుతున్నది ఆమె. అతను గోడ పక్కన రాట్నం ముందు కూర్చుని ఆమె నాడెలోకి నూలు కండెలు చుడుతున్నాడు. ఎడమ చేతి వేళ్ళతో నూలు పట్టుకుని, మణికట్టు బిగిసిన కుడి చేత్తో రాట్నాన్ని మోచేతి నుంచి తిప్పుతున్నాడు. మామూలుగా ఆ ఇళ్ళలో కండెలు చుట్టేది ఆడవాళ్ళు, మగ్గం మీద కూర్చునేది మగవాళ్ళు. వీధి నవ్వి ఉంటుంది. వీధి ఎన్నాళ్ళు నవ్వుతుందిలే.

ఆమె నన్ను గుర్తుపట్టి మగ్గం ఆపింది. మజ్జిగ ఇచ్చింది. "నాకు నేర్పినాడు అన్నా. పక్కన కూర్చోని, విసురు ఇట్ల, విసురు ఇట్ల అని. ఆయన సేతిలో లేని విసురు నా సేతికి తెచ్చినాడు" అంది. అతను రాట్నం తిప్పుతూనే ఉన్నాడు.

దుప్పట్లు మూట కట్టి ఇస్తూ, చాలాకాలంగా దాచుకున్నది అడుగుతున్నట్టు గొంతు తగ్గించి అంది:

"అన్నా, నువ్వు సదువుకున్నోడివి. ఒకటి అడుగుతా సెప్పు. ఆ పెద్దాయన సూసే పొద్దు ఉండాది సూడు, ఆయప్ప వచ్చినాడని సత్రానికి కబురు రాంగానే, కుండలో ఉండే ఆముదమంతా సేతికి పట్టించినా. రోజూ పూసేదానికంటే శానా. దానికే గదా వేళ్ళన్నా లేసింది?"

రాట్నం ఆగింది.

"కుండలో అంతే మిగిలింది అన్నా. ఇంగొంచెం ఉండింటే, మణికట్టు గూడ వచ్చిండునేమో. బయల్దేరేటప్పుడే పక్కింట్లో అడిగి తేవల్సింది. ఆ పొద్దు నాకు తోసలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇప్పటికీ అదే అనుకుంటా ఉంటా."

నేను అతనివైపు చూడలేదు. చూస్తున్నాడని మాత్రం తెలుసు.

"లేదు తల్లీ" అన్నాను. "నువ్వు పూసింది సరిపోయింది."

కాసేపటికి రాట్నం మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. ఆమె గుంటలోకి దిగి కూర్చుని, తాడు అందుకుంది.